కీబోర్డు, మౌస్, టచ్‌ప్యాడ్‌లకు ఫర్మ్‌వేర్‌లో ఇంటరప్ట్‌లను అమర్చే విధానం

బయోస్ సెటప్ తెరలోకి వెళ్లి బాణం మీటలు నొక్కితే మెనూ కదిలింది కనుక కీబోర్డు ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) సరిగానే ఉందని అనుకోవడం, ఈ పనిలో దిగిన ప్రతివారూ ఒకసారైనా చేసే పొరపాటు. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) టైమర్ ఇంటరప్ట్ ఒక్కదాని మీదే ఆధారపడి నడుస్తుంది. మీట నొక్కారన్న కబురు తనంతట తాను వచ్చేదాకా అది ఆగదు; టైమర్ మోగినప్పుడల్లా తానే కీబోర్డు కంట్రోలర్ దగ్గరికి వెళ్లి, ఏదైనా బైటు వచ్చి ఉందేమో చూసుకుంటుంది. అందువల్ల కీబోర్డుకు చెందిన ఇంటరప్ట్ లైన్ అయిన ఐఆర్‌క్యూ 1ని ఎక్కడికీ కలపకపోయినా సెటప్ తెర చక్కగా పనిచేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మొదలైన క్షణం నుంచి మాత్రం కీబోర్డు మూగబోతుంది.

అంటే ఆధునిక ఫర్మ్‌వేర్ ఇన్‌పుట్ పరికరాల ఇంటరప్ట్‌లను అమర్చేది తన కోసం కాదు, తన తరువాత వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం. ఆ అమరిక ఒక్క చోట ముగిసేది కూడా కాదు. ఇంటరప్ట్ పుట్టే కంట్రోలర్‌లోను, దాన్ని మోసుకెళ్లే లైన్‌లోను, అందుకునే ఇంటరప్ట్ కంట్రోలర్‌లోను, ఈ మూడింటినీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వర్ణించే ఏసీపీఐ పట్టికల్లోను ఒకే సంఖ్య, ఒకే ట్రిగ్గర్ (లైన్ మారిన క్షణాన్ని చూసే ఎడ్జా, లైన్ ఉన్న స్థితిని చూసే లెవలా అన్నది), ఒకే పోలారిటీ (సంకేతమంటే లైన్ పైకి లేవడమా, కిందికి దిగడమా అన్నది; యాక్టివ్ హై, యాక్టివ్ లో) ఉండాలి. నా అనుభవంలో ఇన్‌పుట్ పరికరాల ఫిర్యాదుల్లో చాలా భాగం, ఈ నాలుగింటిలో ఏవో రెండు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడం వల్ల వచ్చినవే. పరికరం చెడిపోయిన సందర్భాలు తక్కువ.

ఇకపై రిజిస్టర్లు (చిప్ లోపలి అమరికల గళ్లు), పోర్టు చిరునామాలు, వాటిలో రాసే విలువలు, కమాండ్లు, వెక్టర్లు హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటాయి. అందులోని ఆరు అక్షరాలను ఎ, బి, సి, డి, ఈ, ఎఫ్ అని రాస్తున్నాను. ఐఆర్‌క్యూ సంఖ్యలు, బిట్ స్థానాలు, డివైస్ సంఖ్యలు మాత్రం మామూలు దశాంశ సంఖ్యలే. ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో తరువాత నా తప్పునే ఉదాహరణగా చూపిస్తాను.

ముందుగా కొలవండి

ఏ అమరికనైనా మార్చే ముందు ఇంటరప్ట్‌లు నిజంగా వస్తున్నాయో లేదో లెక్క చూడాలి. లైనక్స్‌లో ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే ఇంటరప్ట్స్ అనే ఫైలు ఇందుకు సరిపోతుంది. అందులో అడ్డు వరుసకు ఒక ఇంటరప్ట్, నిలువు వరుసకు ఒక ప్రాసెసర్ కోర్ చొప్పున లెక్కలు ఉంటాయి. పీఎస్/2 (యూఎస్‌బీకి ముందునాటి కనెక్షన్ రకం) కీబోర్డు ఉన్న యంత్రంలో 1వ వరుస చివర ఐఓ-ఏపిక్ (ఇప్పటి ఇంటరప్ట్ కంట్రోలర్), 1-ఎడ్జ్, ఐ8042 (కీబోర్డు కంట్రోలర్) అన్న మూడు మాటలు కనిపిస్తాయి. విండోస్‌లో డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో వనరులను రకాలవారీగా చూపే ఎంపిక ద్వారా ఏ పరికరానికి ఏ ఐఆర్‌క్యూ కేటాయించారో తెలుస్తుంది గానీ, ఎన్నిసార్లు వచ్చిందో తెలియదు. కనుక విండోస్ వాడే యంత్రమైనా సరే, పరీక్షకు ఒక లైవ్ లైనక్స్ పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఆ ఫైలును చదవడానికి పరీక్షలో ఉన్న కీబోర్డునే వాడితే, కమాండ్ టైపు చేసినప్పుడు వచ్చిన ఇంటరప్ట్‌లు కూడా లెక్కలో కలిసిపోతాయి. నెట్‌వర్క్ ద్వారా వేరొక యంత్రం నుంచి లోపలికి వెళ్లి చూడండి. తరువాత పీఎస్/2 కీబోర్డు మీద ఒక అక్షరం మీటను ఒక్కసారి నొక్కి వదలండి. అన్ని కోర్ల లెక్కా కలిపి సరిగ్గా 2 పెరగాలి: నొక్కినందుకు ఒక బైటు, వదిలినందుకు ఒక బైటు. బాణం మీట అయితే 4 పెరగాలి, ఎందుకంటే దాని ప్రతి కోడ్‌కూ ముందు ఈ0 అనే ఉపసర్గ బైటు వస్తుంది. పీఎస్/2 మౌస్ ఒక్కో కదలికకు 3 బైట్లు, చక్రం ఉన్నదైతే 4 బైట్లు పంపుతుంది. బైటుకు ఒక ఇంటరప్ట్ చొప్పున సెకనుకు 100 నివేదికలు పంపే మామూలు మౌస్‌ను ఆపకుండా తిప్పితే 12వ వరుసలో సెకనుకు 300 నుంచి 400 వరకు పెరుగుదల కనిపిస్తుంది.

లెక్క అసలు కదలకపోతే లైన్ ఎక్కడో తెగింది. ఎవరూ ముట్టుకోకుండానే లక్షల్లో పరుగెత్తుతుంటే ట్రిగ్గర్ గానీ పోలారిటీ గానీ తలకిందులైంది. ఈ రెండో సందర్భంలో లైనక్స్ కెర్నల్, ఒక లైన్ మీద వచ్చిన 1,00,000 ఇంటరప్ట్‌లలో 99,900కు పైగా తమవి కావని డ్రైవర్లు చెబితే, “నోబడీ కేర్డ్” అని లాగ్‌లో రాసి ఆ లైన్‌నే మూసేస్తుంది. కంప్యూటర్ మొదలైన కొన్ని క్షణాలు బాగానే పనిచేసి తరువాత ఆగిపోయే టచ్‌ప్యాడ్ కనిపిస్తే ముందుగా ఈ సందేశం కోసమే వెతకండి.

సెటప్ మెనూ ఒక్కటే చేతిలో ఉన్నవారు చేయగలిగినది

ఫర్మ్‌వేర్ మూలం అందుబాటులో లేనివారికి ఉన్న అవకాశాలు తక్కువే అయినా, వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవే. పీఎస్/2 మౌస్‌కు సంబంధించిన అంశం చాలా బోర్డుల్లో ‘ఆటో’ మీద ఉంటుంది. దాని అర్థం, ఆన్ చేసిన సమయంలో మౌస్ తగిలించి ఉంటేనే ఫర్మ్‌వేర్ మౌస్‌దైన రెండో పోర్టును తెరిచి ఐఆర్‌క్యూ 12ను దానికి ఇస్తుంది, లేకపోతే ఆ సంఖ్యను ఇతర పరికరాలకు వదిలేస్తుంది. మౌస్‌ను కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డు, మౌస్, తెరను పలు యంత్రాలకు పంచేది) ద్వారా వాడేవారికి ఇది తలనొప్పి: స్విచ్ వేరే యంత్రం వైపు ఉండగా ఈ యంత్రం రీబూట్ అయితే మౌస్ మాయమవుతుంది. అటువంటి చోట ‘ఆటో’ను తీసి ‘ఎనేబుల్డ్’ పెట్టండి.

పాత బోర్డుల్లో ఐఆర్‌క్యూలను ఒక్కొక్కటిగా పీసీఐ కార్డులకు గానీ అంతకన్నా పాతవైన ఐఎస్ఏ కార్డులకు గానీ కేటాయించే పట్టిక ఉంటుంది. ఐఎస్ఏ కార్డు లేనప్పుడు దాన్ని కదపవద్దు. ఉంటే, ఆ కార్డు మీద జంపర్‌తో ఎంచిన సంఖ్యను మాత్రమే ప్రత్యేకించండి. ఏపిక్ మోడ్ అనే అంశం కనిపిస్తే దాన్ని తెరిచే ఉంచండి. ప్లగ్ అండ్ ప్లే ఓఎస్ అనే అంశం ఏసీపీఐ అర్థమయ్యే ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అక్కరలేనిది, ‘నో’ అని వదిలేయవచ్చు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. యూఎస్‌బీ లెగసీ సపోర్ట్‌ను (యూఎస్‌బీ కీబోర్డును పీఎస్/2 కీబోర్డులా చూపే అంశాన్ని) మూసి, దానికి తోడు ఫాస్ట్ బూట్‌ను తెరిస్తే, యూఎస్‌బీ కీబోర్డు మాత్రమే ఉన్న యంత్రంలో మళ్లీ సెటప్‌లోకి వెళ్లే దారి మూసుకుపోవచ్చు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి రీబూట్ చేసే ఎంపికను వాడాలి, అదీ కుదరకపోతే బోర్డు మీద సెట్టింగ్స్‌ను చెరిపేసే సీమాస్ క్లియర్ జంపర్ ఒక్కటే గతి.

మీట నుంచి ప్రాసెసర్ దాకా

సొంతంగా ఫర్మ్‌వేర్ తయారుచేసేవారు, ఉదాహరణకు కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌ను కొత్త బోర్డుకు అమర్చేవారు, ఇంటరప్ట్ నడిచే దారి వెంబడే వెళ్లడం ఉత్తమం. పని మొదలుపెట్టే ముందు ఫ్లాష్ చిప్‌లో ఉన్నదాన్ని బయటి ప్రోగ్రామర్‌తో రెండుసార్లు చదివి, రెండు నకళ్లూ ఒకటేనని సరిచూసుకుని భద్రపరచుకోండి.

1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటరప్ట్‌లను అందుకునే 8259ఎ చిప్ ఒకటే ఉండేది. 8 లైన్లలో కీబోర్డుకు 1వది దక్కింది. 1984 నాటి పీసీ/ఏటీలో రెండో 8259ను మొదటిదాని 2వ లైన్‌కు గొలుసుగా కట్టారు. 1987లో పీఎస్/2 యంత్రాలు వచ్చినప్పుడు మౌస్ ఆ రెండో చిప్‌లోని 12వ సంఖ్యకు చేరింది. ఆ చిప్‌లు ఇప్పుడు విడిగా లేవు, చిప్‌సెట్‌లో కలిసిపోయాయి. సంఖ్యలు మాత్రం చెక్కుచెదరలేదు.

డెస్క్‌టాప్ బోర్డుల్లో కీబోర్డు కంట్రోలర్ సూపర్ ఐ/ఓ అనే, పాత తరహా పరికరాలను నడిపే చిప్‌లో ఉంటుంది. దాని కాన్ఫిగరేషన్ సాధారణంగా 2ఈ, 2ఎఫ్ పోర్టుల ద్వారా జరుగుతుంది. లోపలికి ప్రవేశించే తాళం చెవి తయారీదారును బట్టి మారుతుంది. విన్‌బాండ్, నువోటాన్ చిప్‌లకు 2ఈ పోర్టులో 87ను రెండుసార్లు రాయాలి, పని ముగిశాక ఎఎ రాసి బయటకు రావాలి. 07 రిజిస్టర్‌లో లాజికల్ డివైస్ (చిప్‌లోని ఒక్కో భాగం) సంఖ్యను రాస్తే మిగిలిన రిజిస్టర్లు ఆ డివైస్‌వి అవుతాయి. ఈ చిప్‌లలో కీబోర్డు కంట్రోలర్ 5వ డివైస్. 30వ రిజిస్టర్‌లో 0వ బిట్ దాన్ని మేల్కొలుపుతుంది, 60, 61 రిజిస్టర్లలో డేటా పోర్టు 0060, 62, 63 రిజిస్టర్లలో కమాండ్ పోర్టు 0064, 70వ దాంట్లో కీబోర్డు ఐఆర్‌క్యూ, 72వ దాంట్లో మౌస్ ఐఆర్‌క్యూ ఉండాలి. ఐటీఈ చిప్‌లలో కీబోర్డు 5వ డివైస్‌గా, మౌస్ 6వ డివైస్‌గా వేరువేరుగా ఉంటాయి కనుక రెండింటినీ విడివిడిగా మేల్కొలపాలి.

నా తప్పు సరిగ్గా 72వ రిజిస్టర్ దగ్గరే జరిగింది. ఒక పాత డెస్క్‌టాప్ బోర్డులో మౌస్‌కు 12 అని రాయవలసిన చోట, చుట్టూ ఉన్న విలువలన్నీ హెక్స్‌లో ఉండడంతో అలవాటుకొద్దీ దాన్ని కూడా హెక్స్ 12గా రాశాను. నిజానికి రాయవలసినది 0సి. ఆ రిజిస్టర్‌లో కింది నాలుగు బిట్‌లకే విలువ ఉంటుంది కనుక, తిరిగి చదివితే 02 అని వచ్చింది. 2 అనేది రెండు 8259లను కలిపే గొలుసు స్థానం, ఏ పరికరానికీ చెందనిది. కానీ రిజిస్టర్‌ను తిరిగి చదవాలన్న ఆలోచన రావడానికి ముందు రెండు రోజులు వేరే దారిలో వృథాగా తిరిగాను, ఎందుకంటే బయటికి కనిపించిన లక్షణం మౌస్‌ది కాదు, కీబోర్డుది. నేను రాసుకున్న చిన్న పరీక్షా ప్రోగ్రాంలో కీబోర్డు చక్కగా పనిచేసేది. మౌస్‌ను వేలితో తాకగానే కీబోర్డు బిగుసుకుపోయేది.

కారణం 8042 కంట్రోలర్ నిర్మాణంలోనే ఉంది. కీబోర్డుకూ మౌస్‌కూ కలిపి అందులో ఉన్నది ఒకే అవుట్‌పుట్ బఫర్. మౌస్ పంపిన బైటు ఆ బఫర్‌లో చేరి, 12వ ఇంటరప్ట్ ప్రాసెసర్‌కు అందకపోతే, దాన్ని తీసుకెళ్లేవారు ఎవరూ రారు. అది అక్కడే కూర్చుని వెనుక వచ్చే మీటల కోడ్‌లన్నిటినీ ఆపేస్తుంది. లైనక్స్ డ్రైవర్ ఈ ప్రమాదాన్ని ఎరిగినదే: ప్రారంభంలో తానే డి3 కమాండ్‌తో మౌస్ వైపు నుంచి వచ్చినట్టుగా ఒక బైటును పుట్టించి, ఇంటరప్ట్ వస్తుందేమో చూసి, రాకపోతే బఫర్‌ను ఖాళీ చేస్తుంది. మీ బూట్‌లోడర్‌కో చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కో ఆ జాగ్రత్త ఉండకపోవచ్చు. కనుక మౌస్ అవసరం లేని బోర్డులో రెండో పోర్టును సగం తెరిచి వదిలేయకుండా ఎ7 కమాండ్‌తో పూర్తిగా మూసేయండి.

సూపర్ ఐ/ఓ నుంచి చిప్‌సెట్‌కు ఇంటరప్ట్‌లు ఒక్కోదానికి ఒక్కో తీగ మీద కాకుండా, సీరియల్ ఐఆర్‌క్యూ అనే ఒకే తీగ మీద వరుస స్థానాల్లో ప్రయాణిస్తాయి. చిప్‌సెట్‌లో ఈ సౌకర్యాన్ని తెరవకపోతే సూపర్ ఐ/ఓలో అంతా సరిగా ఉన్నా ఒక్క ఇంటరప్ట్ కూడా చేరదు. ఇంటెల్ ఐసీహెచ్ శ్రేణి చిప్‌సెట్‌లలో ఇది 31వ డివైస్, 0వ ఫంక్షన్‌లోని 64వ రిజిస్టర్. 7వ బిట్ సౌకర్యాన్ని తెరుస్తుంది, 6వ బిట్ నిరంతర పద్ధతిని ఎంచుతుంది. నిశ్శబ్ద పద్ధతిలో ఆ తీగ మీది ఒక్కో ఆవృత్తిని పరికరమే మొదలుపెట్టాలి కనుక, బోర్డును మొదటిసారి లేపేటప్పుడు నిరంతర పద్ధతిలోనే ఉంచి, అన్నీ పనిచేశాక అవసరమైతే మార్చుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీది చిన్న సహాయక ప్రాసెసర్ అయిన ఎంబెడెడ్ కంట్రోలరే 8042గా నటిస్తుంది. దాని ఇంటరప్ట్ ఈఎస్‌పీఐ బస్సు మీద వర్చువల్ వైర్ (నిజమైన తీగకు బదులు) సందేశంగా వస్తుంది. అక్కడ పోలారిటీని కూడా మీరే నిర్ణయించవలసి రావచ్చు.

ఇక 8042 విషయానికి వస్తే, 64 పోర్టులో కమాండ్లు, 60 పోర్టులో డేటా. రాసే ముందు స్టేటస్‌లో 1వ బిట్ 0 అయ్యేదాకా, చదివే ముందు 0వ బిట్ 1 అయ్యేదాకా ఆగాలి. మొదట ఎడి, ఎ7 కమాండ్లతో రెండు పోర్టులనూ మూసి, బఫర్‌లో మిగిలిన బైట్లను చదివి పారేయండి. ఎఎ కమాండ్ ఇస్తే స్వీయపరీక్ష జరిగి 55 రావాలి. కొన్ని కంట్రోలర్లు ఈ పరీక్షతో తమ కాన్ఫిగరేషన్ బైటును కూడా మొదటి స్థితికి తెచ్చుకుంటాయి, అందువల్ల ఆ బైటును పరీక్షకు ముందు కాక తరువాతే రాయాలి. ఎఈ, ఎ8 కమాండ్లతో పోర్టులను తెరిచి, 60 కమాండ్‌తో కాన్ఫిగరేషన్ బైటును రాయండి. అందులో 0వ బిట్ కీబోర్డు ఇంటరప్ట్‌ను, 1వ బిట్ మౌస్ ఇంటరప్ట్‌ను తెరుస్తాయి. 2వ బిట్ సిస్టమ్ జెండా. 4, 5 బిట్‌లు 1 అయితే ఆయా పోర్టుల క్లాక్ ఆగిపోతుంది. 6వ బిట్ స్కాన్ కోడ్‌లను పాత పద్ధతిలోకి మారుస్తుంది. రెండు పరికరాలూ నడుస్తున్న మామూలు యంత్రంలో ఈ విలువ 47. మౌస్ మూసి ఉన్న యంత్రంలో 65. ఈ రెండు సంఖ్యలూ గుర్తుంటే, డంప్‌ను చూసిన వెంటనే స్థితి తెలిసిపోతుంది.

పాత బయోస్ పద్ధతిని కూడా నడిపించవలసిన ఫర్మ్‌వేర్ అయితే 8259లను సిద్ధం చేయడం మీ పనే. ఐఆర్‌క్యూ 0 నుంచి 7 వరకు 08 వెక్టర్ (ప్రాసెసర్ ఏ హ్యాండ్లర్‌ను నడపాలో చెప్పే సంఖ్య) నుంచి, 8 నుంచి 15 వరకు 70 వెక్టర్ నుంచి మొదలవుతాయి. ఆ లెక్కన కీబోర్డుది 09, మౌస్‌ది 74. 21 పోర్టులోని మాస్క్‌లో (బిట్ 1 అయితే ఆ లైన్‌ను ఆపేది) 1వ బిట్‌ను 0 చేయడం అందరికీ గుర్తుంటుంది. మౌస్ కోసం ఎ1 పోర్టులో 4వ బిట్‌తో పాటు, 21 పోర్టులో గొలుసు లైన్ అయిన 2వ బిట్‌ను కూడా 0 చేయాలన్నది తరచుగా మరచిపోయే సంగతి. 74 హ్యాండ్లర్ ముగింపులో 20 అనే విలువను ఎ0 పోర్టులోను, తరువాత 20 పోర్టులోను రాయాలి. రెండోది మరచిపోతే మౌస్ ఒక్క బైటు పంపి ఆగిపోతుంది. ఎడ్జ్, లెవల్ ఎంపిక 4డి0, 4డి1 పోర్టుల్లో ఉంటుంది. కీబోర్డు బిట్ ఎప్పుడూ 0గానే ఉండాలి. మౌస్‌కు చెందిన 4డి1 పోర్టు 4వ బిట్‌ను మార్చే వీలు ఉంటుంది గానీ, దాన్నీ 0గానే వదిలేయండి.

ఏసీపీఐ పట్టికల్లో రాయవలసినది

ఐఓ-ఏపిక్‌లోని ఎంట్రీలను ఆపరేటింగ్ సిస్టమే నింపుకుంటుంది. ఏమి నింపాలో చెప్పేది మాత్రం మీ పట్టికలు. పరికరాలను వర్ణించే డీఎస్‌డీటీ పట్టికలో కీబోర్డుకు పీఎన్‌పీ0303, మౌస్‌కు పీఎన్‌పీ0ఎఫ్13 గుర్తింపులతో రెండు డివైస్‌లను పెట్టి, కీబోర్డు వనరుల జాబితాలో 60, 64 పోర్టులను, ఐఆర్‌క్యూ 1ని, మౌస్ జాబితాలో ఐఆర్‌క్యూ 12ను చేర్చాలి. జెండాలు లేని ఐఆర్‌క్యూ వర్ణనను వాడితే ఎడ్జ్, యాక్టివ్ హై, ఇతరులతో పంచుకోనిది అని అర్థం. మామూలు బోర్డుకు అదే సరైనది. యంత్రపు మౌలిక వివరాలు చెప్పే ఎఫ్ఏడీటీ పట్టికలో బూట్ ఆర్కిటెక్చర్ జెండాల్లో 1వ బిట్, 8042 ఉన్నదని చెబుతుంది. మౌస్ డివైస్‌ను రాయడం మరచిపోతే, రెండో పోర్టు మూసి ఉన్నట్టుందని లైనక్స్ లాగ్‌లో స్పష్టంగానే రాస్తుంది.

ఇంటరప్ట్ కంట్రోలర్లను వర్ణించే ఎంఏడీటీ పట్టికలో కీబోర్డుకు గానీ మౌస్‌కు గానీ మామూలుగా ఏమీ రాయనక్కరలేదు, ఎందుకంటే ఓవర్‌రైడ్ (మామూలు నియమానికి మార్పు చెప్పే నమోదు) లేని ఐఎస్ఏ ఇంటరప్ట్ అదే సంఖ్య గల ఐఓ-ఏపిక్ పిన్‌కు ఎడ్జ్, యాక్టివ్ హైగా చేరుతుందని నియమం. చిక్కు వచ్చేది లైన్ అలా లేనప్పుడు. ఎంబెడెడ్ కంట్రోలర్ యాక్టివ్ లో పద్ధతిలో ఐఆర్‌క్యూ 1ని పంపే ల్యాప్‌టాప్‌లో, ఆ సంగతి డీఎస్‌డీటీలో మాత్రమే రాసి ఎంఏడీటీలో రాయకపోతే, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు రకాలుగా చదువుకోవచ్చు. లైనక్స్ చాలాకాలం పాటు, పాత యంత్రాల డీఎస్‌డీటీలలో తప్పులుంటాయన్న అనుభవంతో, 16 లోపు సంఖ్యలకు ఎంఏడీటీ మాటకే విలువ ఇచ్చింది. 2022 ప్రాంతంలో వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ కింద బాగున్న కీబోర్డు లైనక్స్ కింద పనిచేయకపోవడానికి ఇదే కారణమైంది, దానికోసం కెర్నల్‌లో మినహాయింపులు రాయవలసి వచ్చింది. తప్పు ఎవరిదన్న వాదన ఎలా ఉన్నా, ఫర్మ్‌వేర్ రాసేవారి చేతిలో ఉన్న మందు సులభమైనది: మామూలుకు భిన్నమైన పోలారిటీ ఏదైనా ఉంటే దాన్ని రెండు పట్టికల్లోనూ ఒకేలా రాయండి.

టచ్‌ప్యాడ్ సంగతి వేరు

ఇప్పటి ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ చాలావరకు ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద ఉంటుంది. దీనికి 12 వంటి స్థిరమైన సంఖ్య ఏదీ లేదు, బోర్డు రూపకర్త ఏ జీపీఐఓ పిన్‌కు (చిప్‌సెట్‌లో ఏ పనికైనా వాడుకోదగిన పిన్) కలిపితే అదే దాని ఇంటరప్ట్. గుర్తింపు పీఎన్‌పీ0సి50, వనరుల జాబితాలో ఐ2సీ చిరునామా, వేగం, వాటితో పాటు జీపీఐఓ ఇంటరప్ట్ వర్ణన ఉండాలి, హెచ్ఐడీ వివరణ (ఇన్‌పుట్ పరికరం తన గురించి చెప్పుకునేది) ఏ రిజిస్టర్‌లో ఉందో డీఎస్ఎం అనే ఏసీపీఐ పద్ధతి చెప్పాలి.

ఈ పరికరాలకు ప్రమాణం కోరేది లెవల్ ట్రిగ్గర్. పంపవలసిన నివేదిక ఉన్నంతసేపూ పరికరం లైన్‌ను పట్టుకునే ఉంటుంది, మొత్తం చదివాకే వదులుతుంది. దీన్ని పట్టికలో ఎడ్జ్ అని రాశారనుకోండి. డ్రైవర్ మొదలయ్యే సమయానికి ఎవరిదో వేలు టచ్‌ప్యాడ్ మీద ఉండి లైన్ అప్పటికే కిందికి దిగి ఉంటే, కొత్తగా దిగే అంచు ఎప్పటికీ రాదు, టచ్‌ప్యాడ్ పనిచేయదు. వేలు పెట్టకుండా మొదలుపెట్టిన రోజు పనిచేస్తుంది. “ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు” అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు హార్డ్‌వేర్‌ను అనుమానించే ముందు ఆ ఒక్క పదాన్ని చూడండి.

పిన్ వైపు కూడా అమరిక ఉంది. ఇంటెల్ చిప్‌సెట్‌లలో ఒక పిన్‌ను నేరుగా ఐఓ-ఏపిక్‌కు పంపవచ్చు, లేదా జీపీఐఓ డ్రైవర్‌కు అప్పగించవచ్చు. మొదటి పద్ధతిలో ఏసీపీఐలో మామూలు ఇంటరప్ట్ వర్ణన, రెండో పద్ధతిలో జీపీఐఓ ఇంటరప్ట్ వర్ణన రాయాలి. పిన్ యాజమాన్యం ఏసీపీఐ పక్షాన ఉండగా జీపీఐఓ ఇంటరప్ట్ వర్ణన రాస్తే, ఆ పిన్‌ను ఐఆర్‌క్యూగా వాడడానికి వీల్లేదని లైనక్స్ డ్రైవర్ నిరాకరిస్తుంది. లైన్‌ను పైకి లాగే రెసిస్టర్ బోర్డు మీద ఉందో లేదో స్కీమాటిక్‌లో చూసి, లేకపోతే పిన్ అమరికలో పుల్-అప్‌ను పెట్టండి. అది లేని యాక్టివ్ లో లైన్ గాలిలో తేలుతూ ఇంటరప్ట్‌ల వరదను సృష్టిస్తుంది.

తప్పు బస్సులో ఉందో ఇంటరప్ట్‌లో ఉందో తేల్చుకోవడానికి ఒక నమ్మకమైన గుర్తు ఉంది. హెచ్ఐడీ వివరణను చదవడానికి ఇంటరప్ట్ అవసరం లేదు. ఆ తరువాత డ్రైవర్ రీసెట్ కమాండ్ ఇచ్చి, పరికరం ఇంటరప్ట్ ద్వారా జవాబు చెప్పేదాకా ఆగుతుంది. కనుక లాగ్‌లో పరికరం గుర్తింపు సరిగా కనిపించి, వెంటనే రీసెట్ విఫలమైందని ఉంటే, ఐ2సీ బస్సు ఆరోగ్యంగా ఉన్నట్టు, ఇంటరప్ట్ లైన్ చేరనట్టు. వివరణే చదవలేకపోతే ఇంటరప్ట్ జోలికి వెళ్లకుండా చిరునామాను, విద్యుత్ సరఫరాను చూడండి.

యూఎస్‌బీ కీబోర్డులకు

ఇక్కడ పేరే దారి తప్పిస్తుంది. యూఎస్‌బీలో ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్ అంటే పరికరం తనంతట తాను కేక వేయడం కాదు. హోస్ట్ కంట్రోలర్ నిర్ణీత విరామానికి ఒకసారి అడగడం, పరికరం దగ్గర ఏదైనా ఉంటే ఇవ్వడం. ప్రాసెసర్‌కు నిజమైన ఇంటరప్ట్ ఇచ్చేది హోస్ట్ కంట్రోలర్, అదీ చాలావరకు లైన్ అవసరం లేని ఎంఎస్ఐ సందేశంగా. అడిగే విరామం పరికరం తన వివరణలో చెప్పుకున్నది. ఫుల్ స్పీడ్ పరికరానికి అది 1 మిల్లీసెకను దాకా తగ్గవచ్చు. ఐఆర్‌క్యూ సంఖ్యలను మార్చి యూఎస్‌బీ మౌస్ వేగాన్ని పెంచవచ్చన్న సలహాలను పక్కన పెట్టవచ్చు.

ఫర్మ్‌వేర్ చేయవలసింది కంట్రోలర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అప్పగించడం. లెగసీ సపోర్ట్ తెరిచి ఉన్నప్పుడు, పాత ప్రోగ్రాంలు 60, 64 పోర్టులను ముట్టుకుంటే ఎస్ఎంఐ అనే ప్రత్యేక ఇంటరప్ట్ పుట్టి, సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్‌లోని కోడ్ యూఎస్‌బీ మీటలను పీఎస్/2 మీటలుగా చూపిస్తుంది. ఎక్స్‌హెచ్‌సీఐ (ఇప్పటి యూఎస్‌బీ హోస్ట్) కంట్రోలర్‌లోని లెగసీ సపోర్ట్ రిజిస్టర్‌లో 16వ బిట్ బయోస్ యాజమాన్యాన్ని, 24వ బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ యాజమాన్యాన్ని సూచిస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ 24వ బిట్‌ను 1 చేసి, 16వ బిట్ 0 అయ్యేదాకా ఆగుతుంది; మీ ఎస్ఎంఐ హ్యాండ్లర్ ఆ అభ్యర్థనను గమనించి, తన పని ఆపి, 16వ బిట్‌ను వదలాలి. వదలకపోతే బయోస్ హ్యాండాఫ్ విఫలమైందని లైనక్స్ లాగ్‌లో ఫిర్యాదు ఉంటుంది. పీఎస్/2 మాత్రమే అర్థమయ్యే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం తప్ప 60, 64 పోర్టుల అనుకరణను తెరవవద్దు.

నిద్ర నుంచి లేచాక

మీట నొక్కి కంప్యూటర్‌ను లేపడం వేరే దారిలో జరుగుతుంది. ఎస్3 నిద్రలో (మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆగే స్థితి) ఐఆర్‌క్యూ 1ని వినే ప్రాసెసర్ ఉండదు, కనుక సూపర్ ఐ/ఓ లేదా ఎంబెడెడ్ కంట్రోలర్ పీఎంఈ వంటి మేల్కొలుపు సంకేతాన్ని పంపాలి, ఏసీపీఐలో డివైస్ పీఆర్‌డబ్ల్యూ పద్ధతి ఆ సంకేతపు జీపీఈ (ఏసీపీఐ సంఘటన) సంఖ్యను చెప్పాలి. ఎస్5 స్థితి (యంత్రం ఆపేసిన స్థితి) నుంచి లేపాలంటే సెటప్‌లో విద్యుత్ ఆదాకు చెందిన ఈఆర్‌పీ అంశం మూసి ఉండాలి, లేకపోతే కీబోర్డుకు స్టాండ్‌బై విద్యుత్తే అందదు. ఎస్2ఐడిల్ అనే తేలిక నిద్రలో మాత్రం మామూలు ఇంటరప్టే లేపుతుంది. ఐ2సీ టచ్‌ప్యాడ్ లేపాలంటే దాని జీపీఐఓ వర్ణనలో లేపగలదన్న జెండా ఉండాలి.

లేచిన తరువాత ఐఓ-ఏపిక్ ఎంట్రీలను, 8042 కాన్ఫిగరేషన్ బైటును ఆపరేటింగ్ సిస్టమ్ తిరిగి నింపుకుంటుంది. సూపర్ ఐ/ఓ లాజికల్ డివైస్, సీరియల్ ఐఆర్‌క్యూ రిజిస్టర్, పిన్ అమరికలు ఫర్మ్‌వేర్ బాధ్యత. వీటిని మామూలు బూట్ దారిలో రాసి, ఎస్3 నుంచి లేచే దారిలో వదిలేసిన ఫర్మ్‌వేర్‌లో కీబోర్డు మొదటి నిద్ర వరకే బతుకుతుంది. అందువల్ల చివరి పరీక్షగా యంత్రాన్ని ఒకసారి పడుకోబెట్టి లేపి, నెట్‌వర్క్ ద్వారా మళ్లీ ఇంటరప్ట్స్ ఫైలును తెరిచి, ఒక అక్షరం మీటకు 2, బాణం మీటకు 4 పెరుగుతున్నాయో లేదో చూడండి.